జేబులో ఫ్యూజు

శుక్రవారం సాయంత్రం వేయించిన చేపల కొట్టు ముందు వరసలో ఉన్నవాళ్ళు ఆడ్రీ సగ్డెన్‌ని చూసి పక్కకు జరిగి దారిచ్చారు. మా లోయలో వరసలో చోటు వదులుకోవడం చిన్న విషయం కాదు. ఇల్లు తగలబడుతోందన్నా, అయ్యో పాపం, నీ వంతు రాగానే పరిగెత్తు తల్లీ అనే జనం మాది. చావు ఒక్కదానికే వరస తప్పుతారు. ఆ మర్యాద ఆడ్రీకి ముల్లులా గుచ్చుకుంది. నా వంతు వచ్చినప్పుడే తీసుకుంటాలెండి అంటే ఎవరూ ఒప్పుకోలేదు. చేసేదిలేక ముందుకు వెళ్ళి, రెండు చేపలు, వేయించిన బంగాళాదుంప ముక్కలు కావాలని చెప్పి, వెనకాల గుసగుసలు వినపడనట్టు వెనిగరు సీసా వంక చూస్తూ నిలబడింది.

వాళ్ళేం అనుకుంటున్నారో ఆమెకు తెలుసు. బుధవారం నాటి విచారణ సంగతి పొద్దున్నే పేపర్లో వచ్చింది. ఆమె భర్త, మిల్లులో మగ్గాలు బాగుచేసే నెవిల్ సగ్డెన్, తన ఇంటి వంటగది గోడకున్న పగిలిన ప్లగ్గు మారుస్తూ, ఫ్యూజు తీయకుండానే గోడలో చెయ్యి పెట్టాడు, కరెంటు తగిలి పోయాడు, తప్పు అతని అజాగ్రత్తదే. కింద ఇంకో వాక్యం కూడా అచ్చేశారు: ఇంటి పనులు స్వయంగా చేసుకునే మగవాళ్ళందరికీ ఇదొక హెచ్చరిక అని. చచ్చిపోయినవాణ్ణి ఊరికి పాఠంగా పెట్టారు. ఆడ్రీ కడుపు మండింది అక్కడే.

అజాగ్రత్తట. వీధి తలుపుకు తాళం వేసి, బస్సు వస్తుంటే కూడా వెనక్కొచ్చి ఒకసారి లాగి చూసే మనిషి నెవిల్. నిచ్చెన ఎక్కాలంటే ముందు ప్రతి మెట్టూ కాలితో నొక్కి చూసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆ చాదస్తం చూసి ఆమె తల కొట్టుకునేది. నీతో కాపురం చేస్తే బస్సులు తప్పిపోవడం అలవాటు చేసుకోవాలి అనేది. అతను నవ్వి, చేతులకు పది వేళ్ళూ ఉన్న మగ్గం మెకానిక్కు మిల్లు మొత్తంలో నేనొక్కణ్ణేనని చూపించేవాడు.

విచారణలో ఆమె లేచి ఇదే చెప్పింది. అధికారి మంచివాడే, శ్రద్ధగా విన్నాడు. కానీ కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఫ్యూజు పెట్టె తెరిచి చూసినప్పుడు ఫ్యూజులన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. ఆమె మామగారు విల్ఫ్రెడ్ కూడా టోపీ అంచు నలుపుకుంటూ లేచి, పెట్టె అలాగే ఉందండి అన్నాడు. కన్నతండ్రి అంత మాట అన్నాక కట్టుకున్నదాని మాటకు విలువేముంటుంది?

ఇంటికి వచ్చి పొట్లాలు విప్పి పళ్ళేల్లో పెట్టింది. మామగారు విల్ఫ్ తన పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. కొడుకు పోయినప్పటి నుంచి ముసలాయన వంటగదిలో కూర్చోవడం మానేశాడు. టీ కూడా ఆమే తెచ్చి అందించాలి. మెట్ల కింది అల్మారా వైపు అసలు చూడడు. ఒకప్పుడు ఆయన లోకమంతా అందులోనే ఉండేది. పనిముట్లూ, పొగాకు డబ్బాల నిండా మరలూ, బూట్ల పాలిషూ, వాటి వెనక గోడకు ఫ్యూజు పెట్టె.

ఆ పెట్టె ఆయన బిగించిందే. ఈ ఇంటిదే కాదు, వీధిలో సగం ఇళ్ళకు వైరింగు చేసింది ఆయనే. మిల్లు నుంచి వచ్చి, సాయంత్రాలు, శనివారాలు, ఒక పంది మాంసం కూరిన రొట్టెకీ ఒక గ్లాసు బీరుకీ చేసిపెట్టాడు. ఆ పనికి ఊళ్ళో పేరుంది. సోమవారం బట్టలుతికే రోజున కెటిలూ, ఇస్త్రీపెట్టే, హీటరూ ఒక్కసారి వేసేసరికి పై వీధుల్లో టప్పుమని ఫ్యూజులు పోయేవి. మా వీధిలో మాత్రం ఏనాడూ పోయేవి కావు. రహస్యమేమిటి విల్ఫ్ అని పబ్బులో ఎవరడిగినా, ఒక్క గుర్రాన్ని కడితే అలిసిపోతుందిరా, రెండు గుర్రాల్ని కట్టాలి అనేవాడు. ఆపైన ఎంత బీరు పోసినా ఇంకో మాట రాలేదు.

శనివారం ఉదయం ఆయన పార్కు దాకా నడిచొస్తానని వెళ్ళాడు. చర్చి పాతబట్టల అమ్మకానికి నెవిల్ బట్టలు ఇస్తానని ఆడ్రీ మాటిచ్చింది. కోట్లూ చొక్కాలూ మడతపెట్టాక బీరువా అడుగున ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం సంచీ మిగిలింది. దాన్ని ఆమె ఇంతవరకు విప్పలేదు. ఆ వేళా విప్పాలని లేదు. కానీ విప్పకుండా ఇచ్చేస్తే చర్చి ఆడవాళ్ళు విప్పుతారు. అది ఇంకా భరించలేదు.

చొక్కాను వాళ్ళు కత్తెరతో కోసేశారు. ప్యాంటు మాత్రం బాగానే ఉంది. అలవాటు కొద్దీ, ఉతకడానికి ముందు చూసినట్టే, జేబుల్లో చెయ్యి పెట్టింది. ఎడమ జేబులో రుమాలు. కుడి జేబులో ఏదో గట్టిగా తగిలింది.

గోధుమరంగు ఫ్యూజు, పిడితో సహా. పిడి మీద ఎర్ర చుక్క.

ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. మిల్లు మనుషులకు ఒక అలవాటుంది. మగ్గంలో చెయ్యి పెట్టాలంటే, దాన్ని నడిపే పిడిని ఊడదీసి జేబులో వేసుకుంటారు. ఊరికే ఆపితే ఎవడో తెలియక మళ్ళీ నడుపుతాడు. జేబులో ఉన్నదాన్ని ఎవడూ నడపలేడు. విల్ఫ్ దాన్ని కొడుక్కి చిన్నప్పుడే నేర్పాడు. నెవిల్ ఇంట్లో దీపం హోల్డరు మార్చినా అదే పని చేసేవాడు. కరెంటు జేబులో ఉంది, ఇక భయం లేదు అనేవాడు. ఆ రోజు ఆమె బజారుకు బయల్దేరేటప్పుడు కూడా జేబు మీద చెయ్యి వేసి తట్టి చూపించాడా? చూపించే ఉంటాడు. ఆమెకు గుర్తులేదు. గుర్తులేనందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

తర్వాత మెల్లగా ఇంకో సంగతి తోచింది. ఫ్యూజు ఇక్కడుంటే, పెట్టెలో ఆ చోటు ఖాళీగా ఉండాలి కదా.

టార్చి పట్టుకుని మెట్ల కింద దూరింది. ప్లగ్గుల తీగలకు వాడే ఎర్ర చుక్క ఫ్యూజులు రెండూ పెట్టెలోనే ఉన్నాయి. ఒకదాని కింద విల్ఫ్ పెన్సిలుతో 'మిగతా ఇల్లు' అని రాశాడు. అది దుమ్ము పట్టి, అంచులు నల్లబడి ఉంది. రెండోదాని కింద 'వంటగది' అని ఉంది. అది నిగనిగలాడుతోంది. విల్ఫ్ అదనపు ఫ్యూజులు దాచే పొగాకు డబ్బా మూత తీసి చూసింది. ఎర్ర చుక్కది ఒక్కటీ లేదు.

ఎవరు పెట్టారో ఆలోచించాల్సిన పని లేదు. ఎందుకు పెట్టారన్నదే అంతుపట్టలేదు. మెయిన్ ఆపింది. వంటగది ఫ్యూజు లాగేసింది. మళ్ళీ మెయిన్ వేసి, వంటగదిలోకి వెళ్ళి కెటిల్లో నీళ్ళు పోసి ప్లగ్గు పెట్టింది. కాసేపటికి కెటిలు సన్నగా పాట అందుకుంది.

ముసలాయన పేర్లు తారుమారుగా రాశాడేమో అనుకుంది. ఆ ఫ్యూజు పెట్టేసి రెండోది తీసింది. అప్పుడూ కెటిలు పాడింది. పైకెళ్ళి పడగ్గది దీపం ప్లగ్గు పెట్టి చూస్తే అదీ వెలిగింది. రెండు ఫ్యూజులూ తీసేశాకనే ఇంట్లో ప్లగ్గులన్నీ చచ్చినట్టు పడ్డాయి.

రెండు గుర్రాలు. వంటగది తీగ గోడల్లో ప్లగ్గులన్నీ చుట్టి తిరిగి పెట్టెకే వస్తుంది. మా దేశంలో వైరింగు అంతా అలాగే, చుట్టుతీగ. దాని రెండు కొసలూ ఒకే ఫ్యూజుకు పడాలి. విల్ఫ్ ఒక కొస ఈ ఫ్యూజుకు, ఒక కొస ఆ ఫ్యూజుకు బిగించాడు. మిగతా ఇంటి తీగకీ అంతే చేశాడు. బరువు రెండూ పంచుకుంటాయి కాబట్టి ఫ్యూజు పోదు. కానీ ఒకటి తీస్తే రెండోది మోస్తూనే ఉంటుంది. నెవిల్ తండ్రి రాసిన పెన్సిలు అక్షరాన్ని నమ్మాడు. ఆ ప్లగ్గు పగిలి అప్పటికే పని చేయడం లేదు. దీపం పెట్టి చూసుకున్నా వెలిగేది కాదు.

ఆడ్రీ వంటగది నేల మీద, అతను పడిపోయిన చోటే, గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. అది ఎంత పెద్దదంటే ఎటు విసరాలో తెలియలేదు.

మధ్యాహ్నం విల్ఫ్ వచ్చాక అడిగేద్దామనుకుంది. ఆయన కోటు విప్పబోతే గుండీ చేతికి దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. చివరికి ఆమే విప్పింది. కోటు కింద మనిషి లేనట్టే ఉన్నాడు. ఉన్న ఒక్క కొడుకూ పోయాడు. ఈ ఫ్యూజు చూపిస్తే ముసలాయన కూడా పోతాడు. పోయినవాడి పేరు కోసం ఉన్నవాణ్ణి చంపడమేమిటనుకుంది. నెవిల్‌కి తను తెలుసు, తనకు నెవిల్ తెలుసు. ఊరు ఏమనుకుంటే ఏం? ఫ్యూజును ఆప్రాన్ జేబులో వేసుకుని అక్కడే ఉంచేసింది.

సాయంత్రం పక్కింటి నోరా క్రాబ్‌ట్రీ పళ్ళెంలో గుడ్డ కప్పి ఆపిల్ ముక్కలు కూరిన రొట్టె తెచ్చింది. ఎదురింటి పిల్లి గురించి, చర్చి కొత్త ఫాదర్ గొంతు గురించి చెప్పి, మాటల్లో మాటగా రేపు తమ వంటగదిలో కొత్త ప్లగ్గు పెడుతున్నామంది. బట్టలుతికే మిషన్ వస్తోందట. ఆమె భర్త అర్నాల్డే పెడతానంటున్నాడట.

కుర్చీలో విల్ఫ్ కప్పు సాసర్ మీద గలగలమంది. "నేనొచ్చి పెడతాలే. ఆగమను" అన్నాడు.

"నీకెందుకయ్యా ఈ వయసులో. అందులోనూ ఇంత జరిగాక" అంది నోరా. "మావాడు మొండివాడే కానీ అంత తెలివితక్కువవాడు కాదు. ముందు ఫ్యూజు తీశాకే ముడతాడు. వాడేం…" అని నాలిక కరుచుకుంది. ఆడ్రీ చెయ్యి పట్టుకుని, నా నోటికి తాళం లేదు బంగారం, ఏమనుకోకు అంది.

ఆడ్రీ విల్ఫ్ వంక చూసింది. చెప్తాడని ఎదురుచూసింది. ఆయన నోరు తెరిచి, మెయిన్ ఆపమను అన్నాడు, అదీ నిప్పుగూటికి చెప్పినట్టు. మెయిన్ ఆపితే ఫ్రిజ్జులో మాంసం పాడవదూ అని నోరా నవ్వి లేచింది. నీ వైరింగుండగా మాకేం భయం విల్ఫ్ అని తలుపు దగ్గర నుంచి కేకేసింది కూడా. ఆయన కప్పు కింద పెట్టి, నిద్రొస్తోందని మేడెక్కిపోయాడు.

ఆ రాత్రి ఆడ్రీ నిద్రపోయిందో లేదో నేను చెప్పలేను. పొద్దున్నే లేచి మాంసం పొయ్యిలో పెట్టింది. ఆదివారం కాబట్టి పిండి కలిపింది. దుంపలు చెక్కింది. మధ్యాహ్నం వంటగది బల్ల మీదే రెండు పళ్ళేలు వేసి, భోజనానికి రా నాన్నా అని పిలిచింది. ఆమె ఆయన్ని పెళ్ళినాటి నుంచీ నాన్నా అనే పిలుస్తుంది. ఆయన గుమ్మంలోనే ఆగాడు. పళ్ళెం ముందుగదికి తెస్తావేమో అన్నట్టు చూశాడు. ఆమె తేలేదు. వచ్చి కూర్చున్నాడు.

మాకు ముందు పిండితో పొంగించిన ఉప్పటి పుడ్డింగు, మాంసం రసంతో చేసిన గ్రేవీ, ఆ తర్వాతే మాంసం. ఆమె పుడ్డింగు వడ్డించి, గ్రేవీ గిన్నె పక్కన ఫ్యూజు పెట్టింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఎర్ర చుక్క వంక చూస్తూ ఉండిపోయాడు. గ్రేవీ మీద పొర కట్టింది.

"ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"జేబులో. ఇంకెక్కడుంటుంది? నువ్వు నేర్పిన చోటే ఉంది."

అప్పుడు చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. నెవిల్ పడిన చప్పుడు విని పరిగెత్తుకొచ్చి ముందు మెయిన్ ఆపాడు. అంబులెన్సు వెళ్ళిపోయాక దీపం కోసం మెయిన్ వేయబోతే టార్చి వెలుగులో ఆ ఖాళీ చోటు కనిపించింది. ఏం జరిగిందో ఆ క్షణమే తెలిసిపోయింది. పక్కనే పొగాకు డబ్బా ఉంది. "చెయ్యి చేసేసింది పిల్లా. బుర్ర తర్వాత వచ్చింది" అన్నాడు. విచారణలో చెప్దామనే వెళ్ళాడట. లేచి నిలబడేసరికి ఎదురుగా వీధి వీధంతా కూర్చుని ఉందట.

"అది సరే. వాడికెందుకు చెప్పలేదు? ఒక్క మాట. రెండూ తీయాలిరా అని ఒక్క మాట."

విల్ఫ్ ఫోర్కు పక్కన పెట్టి, మళ్ళీ తీసి, సరిగ్గా కత్తి పక్కన పెట్టాడు. "నేనుండగా వాడు ప్లగ్గుల జోలికి రాడనుకున్నా. చెప్దామనే ఉండేది. చెప్తే కిటుకు తెలిసిపోతుంది. ఆ కిటుకొక్కటే నాది పిల్లా. నా బతుకులో మిగతాదంతా మిల్లుదే."

"నెవిల్ కూడా నీవాడే నాన్నా" అంది ఆడ్రీ.

ముసలాయన ముఖం చేతుల్లో దాచుకోలేదు, ఏడవలేదు. పుడ్డింగు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ సమయంలో గోడ అవతల నుంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది. అర్నాల్డ్ వంటగది గోడ చెక్కుతున్నాడు. రెండిళ్ళకీ ఒకటే గోడ. ప్రతి దెబ్బకీ బల్ల మీద గ్రేవీ వణికింది. కాసేపటికి చప్పుడు ఆగింది. చెక్కడం అయిపోయిందన్నమాట. ఇక తీగల పనే మిగిలింది.

విల్ఫ్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. కోటు లేకుండానే, ఇంట్లో చెప్పులతోనే, పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచాడు. ఆడ్రీ ఫ్యూజు తీసుకుని వెనకే వెళ్ళింది.

అర్నాల్డ్ క్రాబ్‌ట్రీ మోకాళ్ళ మీద ఉన్నాడు. వెయిస్ట్‌కోటు గుండీలు పొట్ట మీద బిగిసి ఉన్నాయి. చేతిలో స్క్రూడ్రైవరు, ముందు పాత ప్లగ్గు మూత ఊడి వేలాడుతోంది. చెయ్యి తియ్యి అర్నాల్డ్ అన్నాడు విల్ఫ్. అతను తీశాడు, కంగారుతో కాదు, పెద్దాయన వచ్చాడని. విల్ఫ్ చెప్పాల్సిందంతా చెప్పాడు. పెట్టె ఎలా బిగించాడో, ఒకటి తీస్తే ఎందుకు చాలదో, కొడుకు జేబులో ఏముందో, తను ఏం చేశాడో. ఇంతకు ముందు బల్ల దగ్గర ముక్కలు చేసుకున్నదంతా ఈసారి ఒక్క ఊపిరిలో చెప్పాడు.

నోరా ఆప్రాన్‌తో కళ్ళు తుడుచుకుంది. అర్నాల్డ్ మెల్లగా లేచి ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు. "కూర్చో విల్ఫ్. వాడి మీద పడ్డ మచ్చ నీ మీద వేసుకోవాలనుకుంటున్నావు. తండ్రివి, నేనర్థం చేసుకోగలను. కానీ పేపర్లో అంతా రాశారుగా. నీ వైరింగులో ఈ వీధిలో ఒక్క ఫ్యూజు పోవడం నేను చూడలేదు."

"అందుకే పోలేదు" అన్నాడు విల్ఫ్.

అర్నాల్డ్ అతన్ని చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసి, వెయిస్ట్‌కోటు జేబు తట్టాడు. ఫ్యూజు ఇదిగో, ఇక్కడే ఉంది, నా సంగతి బెంగపెట్టుకోకు అన్నాడు. ఇన్నాళ్ళూ అబద్ధాన్ని వీధంతా నమ్మింది. నిజం చెప్తే, పాపం కన్నతండ్రి, మతి చలించిందంటోంది.

ఆడ్రీ నోరా కెటిలు తీసి, పంపు కింద నీళ్ళు పట్టింది.

"కరెంటు లేదు బంగారం. ఇప్పుడేగా మావాడు ఫ్యూజు తీశాడు" అంది నోరా.

పొయ్యి పక్కన ఇంకో ప్లగ్గు ఉంది. ఆడ్రీ కెటిలు అక్కడ పెట్టి స్విచ్చి వేసింది. పక్కకు తప్పుకుని చేతులు కట్టుకుంది. నలుగురూ నిలబడ్డారు. మొదట ఏమీ లేదు. అర్నాల్డ్ నోరా వంక చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆ తర్వాత కెటిలు అడుగు నుంచి ఇసుక రాలినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. అది మెల్లగా పెరిగింది. పాట అందుకుంది.

అర్నాల్డ్ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. ఫ్యూజు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఊడి వేలాడుతున్న ప్లగ్గు వైపు చూశాడు. మళ్ళీ ఫ్యూజు వైపు చూశాడు. అంత పెద్ద మనిషి నోరా కుర్చీలో కూలబడ్డాడు. ఆవిరి కిటికీ అద్దానికి పట్టింది. ఎవరూ కెటిలు ఆపలేదు.

"అయితే నెవిల్ తీశాడు" అన్నాడు అర్నాల్డ్.

"తీశాడు" అన్నాడు విల్ఫ్. "మావాడు జాగ్రత్త మనిషి."

ఆడ్రీ వెళ్ళి కెటిలు స్విచ్చి ఆపింది. నోరా టీ పెడతానని లేచి, కప్పులు తీసి, మళ్ళీ అల్మారాలో పెట్టేసింది. విల్ఫ్ మెట్ల కిందికి దూరి మెయిన్ ఆపాడు. తను వచ్చి కొసలు మార్చేదాకా ఎవరూ వేయొద్దన్నాడు. అర్నాల్డ్ అలాగేనన్నాడు. కరెంటు ఆఫీసుకు రేపు తానే వెళ్ళి చెప్తానని, విచారణ అధికారికి కూడా చెప్తానని విల్ఫ్ అంటుంటే, నీతో నేనూ వస్తానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు విల్ఫ్ ముఖంలోకి చూడలేదు. ఇక మీదట చూస్తాడో లేదో ఆడ్రీకి తెలియలేదు. విల్ఫ్‌కి తెలిసినట్టే ఉంది.

ఆదివారం భోజనాల వేళ వీధిలో నరమానవుడు లేడు. ప్రతి ఇంట్లోంచీ గ్రేవీ వాసన వస్తోంది. విల్ఫ్ గడపలో నిలబడి వీధి చివరి దాకా చూశాడు. తను తీగలు లాగిన ఇళ్ళన్నీ ఆయనకు గుర్తున్నాయి. ఆడ్రీ లోపలికి వెళ్ళి నోరా కెటిలు అడిగి తెచ్చుకుంది. అది ఇంకా వేడిగా ఉంటే ఆప్రాన్ అంచుతో పట్టుకుంది.

నాన్నా, కోటు వేసుకో, చలిగా ఉంది అంది. ఆయన విననట్టే అవతలి ఇంటి గుమ్మం దాకా నడిచాడు. లేని టోపీ కోసం తల మీద చెయ్యి వేసుకుని, తలుపు కొట్టాడు.

నోట్లో ముద్దతోనే తలుపు తీసిన ఆవిడ, ఏంటి విల్ఫ్ ఈ వేళప్పుడు, ఒంట్లో బాగాలేదా అంది.

"మా నెవిల్ సంగతి చెప్పడానికొచ్చా" అన్నాడు ముసలాయన. "నీ పెట్టెలో ఒక ఫ్యూజు తీసి చూపించాలి, కెటిలు మా కోడలు తెచ్చింది. లోపలికి రానిస్తావా?"